ట్యాంకులో నాలుగో మనిషి

ఎంట్రీ 19

కానీ ఆవిడ ఎందుకు నవ్వింది అన్నది ఇంకా తేలలేదు. నిన్న సరిగ్గా అక్కడే అమ్మ పిలిచిందని ఆపేశాను. పక్కింటి చౌడక్క పిట్టగోడ మీద నుంచి మా పెరట్లోకి తొంగిచూసింది, నా చేతిలో బకెట్ చూసింది, నవ్వింది. బకెట్ మీద మూత ఉంది. మూత మీద గోనెపట్టా కూడా ఉంది. అయినా నవ్వింది.

"మొక్కలకా పాపా?" అంది.

"అవునక్కా. బొప్పాయికి."

మా పెరట్లో ఉన్నది ఒకటే బొప్పాయి మొక్క. నా మోకాలంత ఎత్తు కూడా లేదు. దానికి రోజూ బకెట్ ఎరువు ఎందుకని ఎవరికైనా డౌట్ వస్తుంది. ఆవిడకి ముందే వచ్చి ఉంటుంది.

బకెట్‌లో ఉండేది మా నానమ్మది. పోసే ముందు, పోశాక, వేరుశనగ పొట్టు చల్లితే వాసన రాదు. గుంటలో వేసి మట్టి కప్పడం నా డ్యూటీ. ఇంట్లో మిగతా ఇద్దరూ చేస్తే అందరి కళ్లూ పడతాయట, నేనైతే చిన్నపిల్లని, మొక్కలతో ఆడుకుంటున్నానని అనుకుంటారట. నాకు పదిహేనేళ్లు. మొక్కలతో ఆడుకునే వయసా?

ఇవన్నీ కాగితం మీదే రాయాలి. స్కూలు వాళ్లిచ్చిన పలక మీద ఏ అక్షరం రాసినా కాలనీ ఆఫీసుకి వెళ్తుంది. కొత్త ఇల్లు కాబట్టి సిమెంటు సంచులు చాలా మిగిలాయి, వాటి లోపలి పొర చింపి రాస్తున్నాను. ఇంగ్లీషులో రాస్తే మా మిస్ కూడా చదివేయగలదు. తెలుగు చదవడం మా క్లాసులో ఎవరికీ రాదు. నాకు నానమ్మ నేర్పింది.

రూల్ ప్రకారం మా నానమ్మ లేదు. సముద్రం మా దీవిని మింగేశాక మమ్మల్ని ఇక్కడికి, ఈ మెట్ట మీదికి తెచ్చారు. ఇక్కడ నీళ్లని బట్టే మనుషులు. మా ఇంటికి వచ్చిన నీళ్లు ముగ్గురికి. నాన్న, అమ్మ, నేను. నాలుగో మనిషి ఖాళీ వచ్చేదాకా గేటు బయట షెడ్లలో ఉండాలి. నానమ్మ అక్కడ ఒక ఎండాకాలం ఉంది. ఒక పక్క మంచం ముసలాయన పోయాడు, రెండో పక్క మంచం ఆవిడ పోయింది, ఆ దగ్గే నానమ్మకీ పట్టుకుంది. ఆ గొడవలో ఎవరో ఆమె పేరు కూడా పోయినవాళ్లలో కలిపేశారు. నాన్నకి ఆ సంగతి తెలిసిన రోజే ఆమెని బీరువాలో కూర్చోబెట్టి సామాన్ల బండిలో లోపలికి తెచ్చేశాడు.

బీరువాలోంచి దిగుతూ నానమ్మ అన్న మొదటి మాట: "పట్టుచీరల మధ్య కూర్చోబెట్టి తెచ్చావురా! నా పెళ్లికి కూడా ఇంత మర్యాద జరగలేదు."

ఇప్పుడు ఎవరు తలుపు తట్టినా మళ్లీ ఆ బీరువాలోకే.

ఇదంతా సెప్టిక్ ట్యాంకు అప్రూవల్ వచ్చేవరకే. ట్యాంకులో ఉండే తోడు, అంటే పెరుగు తోడులాంటి సూక్ష్మజీవులు, మనం వదిలిందంతా తిని స్టవ్‌కి గ్యాస్ ఇస్తుంది, కాలనీకి నీళ్లు వెనక్కి ఇస్తుంది. ఎవరి కడుపులోంచి వచ్చింది ఏదో కూడా పట్టుకుంటుంది. ట్యాంకు సార్ వచ్చి అందులో కడ్డీ ముంచితే ఇంట్లో ఎందరున్నారో, పెద్దవాళ్లో చిన్నవాళ్లో తెలిసిపోతుంది. చుట్టాలు వచ్చి వాడినా ఫర్వాలేదు, కాలనీలో పేరున్న వాళ్లని కడ్డీ వదిలేస్తుంది. పేరు లేని మనిషిని మాత్రం వదలదు. లెక్క కుదిరితే మూత మీద పచ్చ ముద్ర పడుతుంది, ఇల్లు మాదవుతుంది. ఆ తర్వాత ఎవరైనా కంప్లయింట్ చేస్తే తప్ప ఆ మూత ఎవరూ ఎత్తరు. అంటే ముద్ర పడిన రోజు నుంచి నానమ్మ కూడా మామూలుగా బాత్రూంకి వెళ్లొచ్చు.

"ఆ ముద్రేదో తొందరగా పడితే బాగుండునే," అంటుంది నానమ్మ బకెట్ మీద కూర్చునే ముందు, రోజూ. "వెనకటికి మా ఊళ్లో కలెక్టరు ముద్ర కోసం కూడా ఇంత బిగపట్టుకుని ఎదురుచూడలా."

సార్ రేపు వస్తాడు. నాకు భయం సార్ గురించి కాదు. చౌడక్క గురించి.

ఆవిడ మమ్మల్ని ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు. వాళ్లాయన కొండ మీద గాలిమరల డ్యూటీలో ఉంటాడు, ఎప్పుడో కానీ రాడు. మరి ఒక్క మనిషికి అంత సౌండ్‌తో రేడియో ఎందుకు? పొద్దున్నే సాంబ్రాణి పొగ ఎందుకు? ఏ వాసన దాస్తోంది? పిట్టగోడ దగ్గర ఎందుకు అన్నిసార్లు నిలబడుతుంది?

తోడు విషయంలో కూడా అంతే. ఆఫీసు వాళ్లు ప్యాకెట్‌లో ఇచ్చిన పొడి ట్యాంకులో వేశాం. అదే వాడాలని రూలు. ఎన్ని రోజులు చూసినా స్టవ్ వెలగలేదు. అమ్మకి విసుగొచ్చింది. "పెరుగుకి తోడు కావాలంటే పక్కింటికే కదా వెళ్తాం, దీనికి మాత్రం ఆఫీసు దేనికి?" అని స్టీలు క్యాను పట్టుకుని చౌడక్క దగ్గరికి వెళ్లింది, నేను వెనకాల. ఆవిడ మొహం మాడిపోయింది.

"దీపాలు పెట్టినంక తోడు ఇయ్యకూడదు గదా వదినా," అంది.

అమ్మ నాలుక కరుచుకుని వచ్చేసింది. పొద్దున్నే మళ్లీ వెళ్లింది. అప్పుడు ఇచ్చింది. వాళ్ల ట్యాంకులోంచి క్యాను నింపి, గుడ్డ కప్పి, గోడ మీద పెట్టి, "మా ఇంటిదని యాడా చెప్పొద్దు వదినా" అంది. మేం తిరిగి వస్తుంటే ఇంకోసారి అంది. ఆ సాయంత్రమే మా స్టవ్ నీలంగా వెలిగింది. అమ్మ ముందు పాలు పొంగించి అప్పుడు అన్నం పెట్టింది.

రూలు తప్పామని ఆవిడ దగ్గర ప్రూఫ్ ఉంది. ఆవిడ నవ్వు దాని గురించే అనిపిస్తోంది.

ఎంట్రీ 20

తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే రానీ.

ట్యాంకు సార్ పేరు సంజీవరాయుడు. మనిషి చూడ్డానికి చాలా మంచివాడిలా ఉంటాడు. అదే నాకు నచ్చదు. వచ్చీ రాగానే మజ్జిగ అడిగి తాగాడు, ఇల్లు బాగా కట్టుకున్నారన్నాడు, నేరుగా పెరట్లోకి వెళ్లాడు. ఆయనెప్పుడూ ఇళ్లకి వెనక నుంచే వస్తాడట, ట్యాంకు వెనకే కదా ఉంటుంది. నానమ్మ బీరువాలో ఉంది. బీరువా తలుపు సందులో అమ్మ పమిటచెంగు ముక్క దోపింది, గాలి ఆడాలని.

కడ్డీ ముంచాడు. తీసి గుడ్డతో తుడిచి చేతిలో మిషన్ చూశాడు. మళ్లీ ముంచాడు.

"మల్లేశ్వరరావు గారూ, మీరు రాసిచ్చినేది మూడు తలకాయలు. కడ్డీ నాలుగంటాంది."

నాన్న మిషన్ వైపు వంగి చూశాడు. తర్వాత "మిషన్ ఏమన్నా తేడా చేసిందేమో సార్" అన్నాడు. ఆయన గొంతు నాన్న గొంతులా లేదు.

"మిషన్ తేడా జేస్తే నన్నెందుకు పంపిస్తారు సార్? దాన్నే పంపించి నన్ను ఇంట్లో పండుకోమందురు."

నానమ్మే అనుకున్నాను. బకెట్ మీద విసుగొచ్చి మాకు తెలీకుండా బాత్రూంకి వెళ్లి ఉంటుంది. అమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, పెదవి కొరుక్కుంటోంది. ఇక అయిపోయింది, బీరువా తెరుస్తారు, ఆమెని తీసుకెళ్తారు అనుకుంటున్నాను.

అప్పుడు సార్ అన్నాడు: "నాలుగోది పెద్దోళ్లది గాదు. బిడ్డది. అన్నం ముట్టని బిడ్డ. తల్లిపాలు తప్ప ఇంకోటి ఎరగదు."

ఎవరికీ అర్థం కాలేదు. మా ఇంట్లో బిడ్డ లేదు.

ఆయన అమ్మని చూశాడు. అమ్మ జుట్టు ముందరంతా తెల్లబడింది. తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు.

"పాప ఎన్నో క్లాసు?"

"పది," అన్నాడు నాన్న.

"ఈ మధ్య బడికి పోలేదంట గదా."

"ఇల్లు మారాం కదా సార్. జ్వరం కూడా వచ్చింది."

"జరమా," అన్నాడు. గ్లాసు అడుగున మిగిలిన మజ్జిగ తాగి అమ్మకి ఇచ్చాడు. "అమ్మా, బిడ్డ పుట్టడం తప్పుగాదు. పర్మిషన్ లేకుండా పుట్టినా, వచ్చి చెప్పుకుంటే ఏదో ఒకటి జేస్తారు. దాచిపెట్టేది తప్పు. ఎల్లుండి ఇద్దరు ఆడోళ్లను తీస్కోనొస్తా. ఇల్లంతా జూస్తారు. మంచాల కింద, అటకల మీద, బీరువాల్లో."

బీరువాల్లో అని ఎందుకు అన్నాడు? మామూలుగా అన్నాడా? అమ్మ చెంగు ముక్క కనపడిందా?

ఎంట్రీ 21

అమ్మ నా తలకి నూనె రాస్తూ అడిగింది. వెనక కూర్చుంది కాబట్టి మొహాలు కనపడవు, అందుకే అప్పుడు అడిగింది.

"ఇందూ. నాకు చెప్పమ్మా. నేనేం తిట్టను."

"ఏం చెప్పాలి?"

"స్కూల్లో గానీ... ఎవరన్నా..."

వేళ్లు నా తలలో ఆగిపోయాయి. నేను లేచి నిలబడ్డాను. సగం జుట్టుకి నూనె ఉంది, సగానికి లేదు. "నువ్వు కూడానా?" అన్నాను. అమ్మ నా మొహం చూడలేదు. నా నడుం చూసింది. మా అమ్మ. రోజూ నా బట్టలు ఉతికే అమ్మ.

గదిలోంచి నానమ్మ అరిచింది. "ఓసి సుభాషిణీ! నీకు మతుందా? దాని నడుం కొబ్బరి ఈనెలాగుంది. అందులో బిడ్డ ఎక్కడ పట్టుద్దే?"

"అత్తయ్యా, మెల్లగా!"

"నేను మెల్లగానే ఉంటా. నువ్వు దాన్ని అట్టా చూడటం మానెయ్."

నవ్వు రావాలి, ఏడుపు వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో అందరూ అందర్నీ చూస్తున్నారు. బాత్రూం తలుపు శబ్దమైతే అందరి తలలూ అటు తిరుగుతున్నాయి. నేను కూడా అమ్మని చూస్తున్నాను. ఆమె ఈ మధ్య సరిగ్గా తినట్లేదు, ఎందుకు? నాన్న సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నాడు? ఇలాంటివి మా గురించి నేనే అనుకుంటున్నానంటే సార్ ఏమనుకుంటున్నాడో.

సాయంత్రం నాన్న ట్యాంకు మూత మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి లేచి లోపలికి వచ్చాడు.

"తోడు," అన్నాడు. "మనం పక్కింటి ట్యాంకులోది తెచ్చి పోశాం. ఆ ఇంట్లో వాళ్ల కడుపుల గుర్తులు కూడా దాంతోనే వచ్చేస్తాయి. చౌడేశ్వరికీ, వాళ్లాయనకీ పేర్లున్నాయి, కడ్డీ వాళ్లని వదిలేస్తుంది. పేరు లేనిది పట్టుకుంది."

అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "వాళ్లింట్లో బిడ్డ ఎక్కడుందండీ?"

"మనింట్లో మా అమ్మ ఎక్కడుంది?"

అమ్మ గరిట కింద పెట్టింది. నాన్నే మళ్లీ అన్నాడు. "రేపు సార్ గడప దాటకముందే చెప్పేస్తాను, తోడు ఫలానా ఇంటిదని. వాళ్ల మూత ఎత్తి చూసుకుంటారు. మనిల్లు వెతకరు."

"చెప్పొద్దని ఆ పిల్ల రెండుసార్లు అంది."

"ఎందుకందో ఇప్పుడు తెలిసిందిగా."

"పసిబిడ్డండీ. తల్లినీ బిడ్డనీ షెడ్లలో వేస్తారు. ఆ దగ్గుకి పసిబిడ్డ ఎన్నాళ్లు ఉంటుంది?"

"మా అమ్మ ఎన్నాళ్లుంటుంది?" అన్నాడు నాన్న. కోపంగా కాదు. నిజంగా అడుగుతున్నట్టు.

ఆయన చెప్పింది కరెక్టో కాదో నాకు తెలీదు. అది ఊహే కదా. లేని బిడ్డ గురించి చెప్పేస్తే ఆవిడ ఊరుకుంటుందా? బొప్పాయి మొక్క గురించి చెప్పదా? ఎవరైనా వెళ్లి చూడాలి. క్యాను ఇంకా మా దగ్గరే ఉంది.

ఎంట్రీ 22

క్యాను బాగా కడిగి, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అందులో బెల్లం ముక్క వేసి వెళ్లాను. ఇవాళ మధ్యాహ్నమే, సార్ సాయంత్రం వచ్చేలోపు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తలుపు చాలాసేపు తీయలేదు. లోపల రేడియో మోగుతోంది. చివరికి కొంచెం తీసింది, మొహం పట్టేంత.

"గోడ మింద పెట్టుంటే నేనే తీస్కుందును గదా పాపా."

"బెల్లం ఉందక్కా. చీమలు పడతాయని."

చెయ్యి చాపింది. అప్పుడు రేడియోలో పాట అయిపోయింది. తర్వాతది మొదలయ్యేలోపు చిన్న ఖాళీ. ఆ ఖాళీలో లోపల్నుంచి పిల్లికూనలాంటి ఒక చప్పుడు వచ్చింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. అసలు విననట్టే నిలబడింది. కానీ ఆవిడ జాకెట్ మీద రెండు పక్కలా తడి గుండ్రంగా పైకి వచ్చింది. నేను చూశాను. నేను చూడ్డం ఆవిడ చూసింది.

నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసేసింది. నేను క్యాను మాత్రం వదల్లేదు.

చీర ఉయ్యాల. అందులో ఎర్రగా, ముడతలుగా, ముంజేతికి వస కొమ్ము కట్టి ఉన్న బిడ్డ. గది నిండా దండేలు, దండేల మీద చిన్న చిన్న గుడ్డలు. బిడ్డని ఎత్తుకుని పాలకి పెట్టుకుని, అప్పుడు మాట్లాడింది.

"ఆడపిల్ల."

"పేరు?"

"పెట్టలే. పెడితే పిలవాలని ఉంటాది."

గుడ్డలన్నీ బాత్రూంలోనే జాడిస్తుందట. వాళ్ల ట్యాంకుకి ఎప్పుడో పచ్చ ముద్ర పడింది, మూత ఎవరూ ఎత్తరని ధైర్యం. ఇప్పుడు ఎత్తే ప్రమాదం మా అమ్మ వల్ల వచ్చింది.

"మరి తోడు ఎందుకిచ్చావక్కా?"

"మొదట ఇయ్యలే గదా. మీ యమ్మ పొద్దున్నే మళ్లా వచ్చి గోడ కాడ నిలబడె. ఏమని చెప్పాల? ఇంట్లో తోడు పెట్టుకుని లేదని ఏ ఆడది అంటాది? అంటే మీకు అనుమానం రాదూ?" బిడ్డ వీపు మీద తడుతోంది. "మొన్న సార్ మాట్లాడింది గోడ ఇవతలికి అంతా ఇనపడింది. మీ నాయన చెప్తాడా?"

"తెలీదు," అన్నాను. అబద్ధం. ఆవిడకి అర్థమైంది.

"నేనూ చెప్పొచ్చు. బొప్పాయికి రోజూ అంత ఎరువు పోసేది జూల్లేదనుకుంటివా? మీ యవ్వ దగ్గితే నా ఇంట్లో గిన్నెలు అదురుతాయి. ఆమె దగ్గినప్పుడంతా రేడియో పెంచేది ఎవురనుకున్నావు?"

అది నిజమా? బిడ్డ ఏడుపు కోసం పెంచి, ఇప్పుడు నాతో ఇలా అంటోందా? నాకు తెలీదు. మొహం చూస్తే తెలియలేదు.

నేను అన్నాను, అప్పటికప్పుడు తోచింది: "తోడు గేటు దగ్గర బండి వాడి దగ్గర తెచ్చానని చెప్తే?"

ఆవిడ నన్ను మొదటిసారి చూసినట్టు చూసింది. "అట్ల చెప్తే ఇల్లు వెతకరు. ట్యాంకు తోడి పారబోసి, కడిగి, ఆఫీసు పొడి వేసి, అది పనిజేసేదాకా మిమ్మల్ని షెడ్లకి పంపుతారు. ఇంటికి సీలు."

"మాకు పేర్లున్నాయి. తిరిగి వస్తాం. నానమ్మకి లేదు. ఆమె ఇక్కడ ఉండొచ్చా?"

బిడ్డ పాలు తాగడం ఆపి నిద్రపోయింది. ఆవిడ దాన్ని ఉయ్యాలలో వేసింది. ఊపింది. చాలాసేపు ఊపింది.

"చూస్తా."

"చూస్తా అంటే?"

"చూస్తా అంటే చూస్తా. ఇంగ పో."

ఎంట్రీ 23

చెప్పేశాను. నాన్నకంటే ముందు.

ఈ సాయంత్రం సార్ ఇద్దరు ఆడవాళ్లతో వచ్చాడు. ఇద్దరికీ చేతి తొడుగులు ఉన్నాయి. నాన్న "సార్, ఒక్క మాట, ఆ తోడు..." అని మొదలుపెట్టాడు. నేను మధ్యలో దూరి ఇంగ్లీషులో మొదలుపెట్టాను. స్కూల్లో తప్పు చేస్తే ఇంగ్లీషులోనే ఒప్పుకుంటాం, అలవాటు. సార్ "తెలుగులో చెప్పమ్మా, నాకు అంత స్పీడు లేదు" అన్నాడు. తెలుగులో అబద్ధం చెప్పడం చాలా కష్టం.

ఆఫీసు ప్యాకెట్ నా చేతిలోంచి జారి ఒలికిపోయిందని, నాన్న తిడతాడని భయపడి, గేటు దగ్గర ఆగిన ఒక బండివాడి దగ్గర తోడు అడిగి క్యానులో తెచ్చి పోశానని, అది ఎవరింటిదో నాకు తెలీదని చెప్పాను. నిజంగానే ఏడుస్తున్నాను కాబట్టి అది మాత్రం నటించక్కర్లేదు.

"ఏ బండి?"

"తెలీదు సార్. నీలం బండి."

"ఆ నీలం బండివాడు తోడు అమ్ముతాడని నీకెట్ల తెలుసు?"

"క్లాసులో అన్నారు సార్."

"నేను ఇన్నేండ్లు గేటు కాడ తిరిగినా. నాకే తెలీదే!" అన్నాడు. ఆ ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. పిట్టగోడ వైపు చూశాడు. అవతల రేడియో మోగుతోంది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

"ఏం సార్, మీరేందో చెప్పబోతిరి?" అని నాన్నని అడిగాడు.

నాన్న నన్ను చూశాడు. ఇప్పుడు ఆయన ఒక్క మాట అంటే చాలు. మా అమ్మ అక్కడే నిలబడి ఉంది, ఆమె చెయ్యి నా వీపు మీద ఉంది. సగం నూనె రాసిన రోజు తర్వాత మళ్లీ ఆ చెయ్యి నా మీద పడడం అదే మొదలు.

"అదే సార్," అన్నాడు నాన్న. "అమ్మాయి పొరపాటు చేసింది. అదే చెబుదామని."

సార్ చాలా తేలిగ్గా ఒప్పేసుకున్నాడు. అది నాకు అస్సలు నచ్చలేదు. ఇల్లు వెతకలేదు. గేటు తోడు పోసిన ఇంటికి ఏం చేయాలో అదే చేస్తానన్నాడు. రేపు పొద్దున బండి వస్తుంది, ట్యాంకు తోడేస్తారు, మేం షెడ్లకి, ఇంటికి సీలు. "కట్టుబట్టలు, గిన్నెలు చాలు. బీరువా లాంటివి ఇంట్లోనే వదిలేయండి," అన్నాడు. మళ్లీ బీరువా!

వాళ్లు వెళ్లాక నాన్న నా ముందు కూర్చున్నాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ." పక్కింటికి వెళ్లిందీ, బిడ్డని చూసిందీ, నానమ్మని ఉంచుకోమని అడిగిందీ అప్పుడు చెప్పాను.

"ఆవిడ మా అమ్మని తీసుకెళ్తానందా?"

"చూస్తానంది."

"చూస్తానందా! ఆ మాట పట్టుకుని మా అమ్మని వదిలేసి వెళ్లాలా?"

"నేనేమన్నా గేదెనట్రా వదిలెయ్యడానికి?" బీరువాలోంచి నానమ్మ. తలుపు తన్నుకుని బయటికి వచ్చింది. "పసిబిడ్డకి నీళ్లెవరు పోస్తున్నారే ఆ ఇంట్లో? కాళ్ల మీద పడుకోబెట్టి పోయడం ఆ పిల్లకి వచ్చా? ఎవరు నేర్పారు? తల్లి దగ్గర్లేదు, అత్త దగ్గర్లేదు."

"తెలీదు నానమ్మా."

"చూడు. తెలీదంట. బిడ్డ తల ఎటు పక్క సొట్టపోయిందో ఎవరికి తెలుసు?" అని తిట్టుకుంటూ తన చీరలు రెండు మడిచి మూట కట్టింది.

"ఆవిడ రాకపోతే?" అన్నాడు నాన్న.

నానమ్మ మూట ముడి బిగించింది. గట్టిగా దగ్గింది. అవతల రేడియో ఉన్న సౌండ్‌లోనే ఉంది. పెరగలేదు. నేను చెవి పెట్టి విన్నాను, అస్సలు పెరగలేదు.

ఎంట్రీ 24

తెల్లారింది. బండి ఇంకా రాలేదు. అమ్మా నాన్నా ముందు వరండాలో గిన్నెలు సంచుల్లో సర్దుతున్నారు, కావాలనే చప్పుడు చేస్తూ. నేనూ నానమ్మా వంటింట్లో. నానమ్మ పీట మీద, ఒళ్లో మూట. నేను స్టవ్ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవు.

చౌడక్క రావాలంటే వెనక తలుపుకే రావాలి. పిట్టగోడ దాటి అడుగు వేస్తే వెనక తలుపే. కానీ సార్ కూడా వెనక నుంచే వస్తాడు. ట్యాంకు అటే ఉంది. రాత్రంతా ఇదే ఆలోచించాను. నిన్న ఆయన అంత తేలిగ్గా ఎందుకు వెళ్లిపోయాడు? ఈ పొద్దున ఎవరి తలుపు ఎవరు తడతారో చూద్దామనేమో. బండి సందు చివర ఆపి ఎక్కడో నిలబడి ఉన్నాడేమో. మేం ఆమెని బయటికి తీసేదాకా ఆగుతున్నాడేమో. అలా అయితే నా అబద్ధం వల్ల ఇద్దరూ ఒకేసారి దొరుకుతారు, నానమ్మా, పేరు లేని ఆ పిల్లా.

ఇంకో రకంగా కూడా ఉండొచ్చు. ఆవిడ అసలు రాకపోవచ్చు. రాకపోతే ఆవిడకి పోయేదేం లేదు. అబద్ధం నేను చెప్పేశాను, ఆవిడ బిడ్డ సేఫ్. తలుపు తీయకుండా రేడియో వింటూ కూర్చుంటే సరిపోతుంది. ఆవిడ స్థానంలో నేనుంటే వస్తానా? నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. తెలీదు.

నానమ్మకి ఇదంతా చెప్పాను, గొంతు తగ్గించి. సీలు వేశాక బీరువాలో ఎన్నాళ్లు ఉంటావు, నీళ్లెలా, అని కూడా అడిగాను.

"ఇందూ, నీకు చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే వాము నీళ్లు పట్టేదాన్ని. గుర్తుందా?"

"లేదు."

"ఉండదులే. అప్పుడు నీకు పేరు పెట్టలా ఇంకా." మూట ముడి మళ్లీ బిగించింది. "నీ దగ్గర వాముందా? అడుగు మీ అమ్మని. ఆ ఇంట్లో ఉందో లేదో."

వాము తెచ్చి ఇచ్చాను. మూటలో దోపుకుంది.

సందులో ఏదో బండి చప్పుడు. మాదేనా తెలీదు. నాన్న వరండాలో గిన్నె కింద పడేశాడు.

ఒక్క నిమిషం. రేడియో ఆగిపోయింది. మేం ఈ ఇంటికి వచ్చాక అది ఆగడం ఇదే మొదలు. ఆవిడ ఇంట్లోంచి బయటికి వచ్చిందా? ఎవరైనా ఆవిడింట్లోకి వెళ్లారా?

పెరట్లో అడుగులు. ట్యాంకు మూత దగ్గర ఆగాయి. మళ్లీ నడుస్తున్నాయి.

వెనక తలుపు తట్టారు. మెల్లగా. సార్ అయితే గట్టిగా కొడతాడు. కానీ ఈసారి మెల్లగా కొట్టాలని ఆయనకీ తెలిసి ఉంటే?

నానమ్మని బీరువాలోకి వెళ్లమన్నాను. తల అడ్డంగా ఊపింది. పీట మీద నుంచి లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, మూట చంకన పెట్టుకుంది.

"తియ్యవే," అంది. "బిడ్డకి నీళ్లు పోసే వేళయింది."

మళ్లీ తట్టారు. ఈ కాగితాలు పొట్టు బుట్ట అడుగున పె